కానరీల జత ఎప్పుడు కట్టాలి: వెలుగు చెప్పేదొకటి, ఎండ చెప్పేదొకటి

ఇంగ్లండ్ నుంచో ఇటలీ నుంచో వచ్చే కానరీ పక్షుల పెంపకం వీడియోలన్నిటిలో ఇంచుమించు ఒకే లెక్క కనిపిస్తుంది. మార్చి చివర్లో జత కట్టాలి, ఏప్రిల్లో గుడ్లు, మే మొదట్లో పిల్లలు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఆ లెక్క పట్టుకుని దిగితే, పిల్లలు గూట్లో ఉన్న రోజులకి బయట 40 డిగ్రీల ఎండ ఉంటుంది. పెట్ట గూడు దిగి, నోరు తెరిచి, రెక్కలు ఎడంగా పెట్టి రొప్పుతూ కూచుంటుంది. మేత పెట్టే ఓపిక దానికుండదు.

అదే ఊళ్లో ఇంకొకరు డిసెంబర్‌లోనే పిల్లలు తీశామంటారు. వేరొకరి పెట్ట ఆగస్టులో గుడ్డు పెట్టి, పొదగకుండా వదిలేసింది. మరొకరి జత రెండేళ్లుగా గూడు వంక చూడనే లేదు. వీళ్లలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. కానరీ నెలలు చూసి గుడ్లు పెట్టే పక్షి కాదు, పగలు ఎంత పొడవుందో చూసి పెట్టే పక్షి. మన ప్రాంతంలో ఆ పగటి సంకేతం బలహీనం. పైగా అది పెరిగే నెలల్లోనే ఎండ కూడా ముదురుతుంది. మన దగ్గర గందరగోళమంతా ఈ రెండింటి మధ్యే పుడుతోంది.

తలలో ఉన్న గడియారం

కానరీ పుట్టిల్లు అట్లాంటిక్ సముద్రంలోని కానరీ, మదీరా, అజోర్స్ దీవులు. స్పెయిన్ వాళ్లు 15వ శతాబ్దంలో కానరీ దీవులను ఆక్రమించుకున్నాక ఈ పక్షి యూరప్ పంజరాల్లోకి చేరింది. అడవి కానరీ పసుపు రంగుది కాదు. ఆకుపచ్చ, బూడిద చారలు కలిసి మన పిచ్చుక జాతి పిట్టలా ఉంటుంది. పసుపు, తెలుపు, ఎరుపు రంగులన్నీ పెంపకంలో వచ్చినవే. రంగు ఎంత మారినా గడియారం మాత్రం పాతదే.

పక్షి వెలుగును కంటితోనే చూస్తుందనుకుంటాం. రుతువును పసిగట్టే పని మాత్రం కంటిది కాదు. మెదడు లోతుల్లో ఉన్న కణాలు, పుర్రె గుండా వడబోసి వచ్చే వెలుగును నేరుగా గ్రహిస్తాయి. ఫ్రెంచ్ శాస్త్రవేత్త జాక్ బెన్వా 1930లలో బాతుల మీద చేసిన ప్రయోగాలతో ఈ సంగతి మొదట బయటపడింది. పగలు పొడవైన కొద్దీ ఆ కణాల సంకేతంతో హార్మోన్లు విడుదలవుతాయి. సీజన్ కానప్పుడు ముడుచుకుపోయి ఉన్న వృషణాలు, అండాశయం పెరుగుతాయి. మగదాని పాట చిక్కబడుతుంది. న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో ఫెర్నాండో నాట్‌బామ్ 1981లో చూపించిన దాని ప్రకారం, మగ కానరీ మెదడులో పాటకు సంబంధించిన భాగాలు కూడా వసంతంలో పెరిగి, శరత్తులో తగ్గుతాయి.

ఈ గడియారానికి రెండో సగం ఉంది, ఎక్కువమంది మరిచిపోయేది అదే. పొడవైన పగళ్లు కొన్ని నెలలు సాగాక పక్షి ఆ సంకేతానికి మొద్దుబారిపోతుంది. ఇంకా ఎంత వెలుగు పోసినా గుడ్లు రావు, ఈకలు రాలడం మొదలవుతుంది. మళ్లీ మామూలు స్థితికి రావాలంటే కొన్ని వారాలు పొట్టి పగళ్లు, పొడవైన చీకటి రాత్రులు తప్పనిసరి.

అపార్ట్‌మెంట్ హాల్లో రాత్రి 11 దాకా ట్యూబ్‌లైటు, టీవీ వెలుగుతుంటే ఆ పంజరానికి ఏడాది పొడవునా వేసవే. అలాంటి కానరీ ఈకలు ఎప్పుడు పడితే అప్పుడు రాలుస్తుంది, పాట సగంలో ఆపేస్తుంది, జతకు సిద్ధం కాదు. రెండేళ్లుగా గూడు ముట్టని జత ఉంటే మేతకన్నా ముందు అనుమానించాల్సింది హాల్లో లైటునే.

మూడు ఊళ్ల పగళ్లు

లండన్‌లో డిసెంబర్ పగలు 8 గంటలకన్నా తక్కువ, జూన్ పగలు పదహారున్నర గంటలు. మార్చిలో అక్కడ రోజుకు దాదాపు 4 నిమిషాల చొప్పున పగలు పెరుగుతుంది. పక్షికి అది గంట కొట్టి చెప్పినట్టే. కానరీ దీవుల్లోని లాస్ పాల్మాస్‌లో తేడా అంత ఉండదు. డిసెంబర్‌లో సుమారు 10 గంటల 20 నిమిషాలు, జూన్‌లో 13 గంటల 50 నిమిషాలు. హైదరాబాద్‌లో అయితే డిసెంబర్‌లో 11 గంటల 5 నిమిషాలు, జూన్‌లో 13 గంటల 10 నిమిషాలు. ఆర్నెల్లకి రెండు గంటలే తేడా. డిసెంబర్ 21 నుంచి మార్చి 21 దాకా చూస్తే పెరిగేది ఒక్క గంట, అంటే రోజుకు నిమిషం కూడా లేదు.

ఇంత సన్నని సంకేతానికి కూడా కానరీ స్పందిస్తుంది. కాకపోతే అన్ని పక్షులూ ఒకేసారి స్పందించవు. డిసెంబర్ చివర్లో ఒకటి గూడు కడితే ఫిబ్రవరిలో ఇంకొకటి కడుతుంది. అందుకే మన దగ్గర మేత, ఆకుకూర, గూడు సామాను, పక్కనే మగదాని పాట లాంటి పక్క సంకేతాలకు విలువ ఎక్కువ. పాట సంగతి ఊహ కాదు. పరిశోధకుడు డొనాల్డ్ క్రూడ్స్‌మా 1976లో పెట్టకానరీలకు రికార్డు చేసిన పాటలు వినిపించి చూశాడు. ఎక్కువ రకాల స్వరాలున్న పాట విన్నవి గూడు త్వరగా కట్టాయి, గుడ్లూ ఎక్కువ పెట్టాయి.

న్యూజెర్సీలో ఉన్న తెలుగువాళ్లకు ఈ చిక్కు లేదు. అక్కడ జూన్ పగలు 15 గంటలు, శీతాకాలం పగలు తొమ్మిదింపావు. మార్చి లెక్క అక్కడ సరిగ్గా సరిపోతుంది.

సహజ వెలుగా, టైమర్ లైటా?

మన పెంపకందార్లు ఇక్కడే రెండు వర్గాలుగా చీలిపోతారు.

సహజ వెలుగు చాలనేవాళ్లు పక్షిని కిటికీ ఉన్న గదిలో పెట్టి, పొద్దుగూకాక లైటు వేయకుండా వదిలేస్తారు. ఈ పద్ధతిలో జనవరి మధ్యలో జత కలిస్తే మొదటి గుడ్డు ఫిబ్రవరి 5 ప్రాంతంలో వస్తుందనుకుందాం. గుడ్లలోంచి పిల్లలు వచ్చేది ఫిబ్రవరి 21కి, సొంతంగా తినేది మార్చి 23కి. రెండో విడత పిల్లలు గూట్లో ఉండేది మార్చి చివర, ఏప్రిల్ నెల. అంటే హాయిగా తీయగలిగేది ఒక్క విడతే. రెండోది గది చల్లదనం మీద ఆధారపడి ఉంటుంది. బెంగళూరులో ఆ రెండోది కూడా నెట్టుకురావచ్చు. విజయవాడలో కష్టం.

టైమర్ వాడేవాళ్లు నవంబర్ మధ్యలో మొదలుపెడతారు. అప్పటి పగలు సుమారు 11 గంటల 20 నిమిషాలు. వారానికి అరగంట చొప్పున ఐదు వారాలు పెంచితే డిసెంబర్ 20కి 13 గంటల 50 నిమిషాలవుతుంది, దాదాపు లాస్ పాల్మాస్ జూన్ పగలంత. ఈ పెంపు సాయంత్రం వైపు కాకుండా తెల్లవారుజాము వైపు చేయడం తెలివైన పని. చివరికి లైటు ఉదయం 4 గంటలకు వెలుగుతుంది, సాయంత్రం మాత్రం సహజంగానే మసకబడుతుంది. రాత్రి లైటు టక్కున ఆర్పేస్తే గూడు దిగి ఉన్న పెట్ట చీకట్లో తిరిగి ఎక్కలేదు. తెల్లారేసరికి గుడ్లు చల్లబడి ఉంటాయి.

ఈ లెక్కలో మొదటి గుడ్డు డిసెంబర్ 28న వచ్చిందనుకుంటే, పిల్లలు జనవరి 13 ప్రాంతంలో, విడదీయడం ఫిబ్రవరి 12న. రెండో విడత గుడ్లు ఫిబ్రవరి 3న మొదలైతే ఆ పిల్లలు మార్చి 21కల్లా సొంతంగా తింటాయి. ఎండ ముదిరేలోగా రెండు విడతలూ పూర్తి.

కాగితం మీద రెండోదే గెలిచినట్టుంటుంది. కానీ సహజ వెలుగు వాళ్ల అభ్యంతరాన్ని కొట్టిపారేయలేం. మగది, పెట్ట ఒకే వేగంతో సిద్ధం కావు. లైటు త్వరగా పెంచితే పెట్ట గుడ్లు పెట్టేనాటికి మగది ఇంకా తయారై ఉండదు, గుడ్లన్నీ వట్టివవుతాయి. మగదాన్ని రెండు వారాల ముందే ఆ వెలుగులోకి మార్చడం దీనికి వాడుకలో ఉన్న విరుగుడు. రెండో అభ్యంతరం మనిషి ఆశ గురించి. లైటు చేతిలో ఉంటే మూడో విడత, నాలుగో విడత అని లాగే ప్రమాదం ఉంది. ఏడాదికి రెండు విడతలు దాటితే పెట్ట ఒంట్లో కాల్షియం, కొవ్వు ఖాళీ అయిపోతాయి. మరుసటి ఏడాది అది పనికిరాకపోవచ్చు, ఒక్కోసారి బతకదు కూడా.

సిద్ధంగా ఉందని ఎలా తెలుస్తుంది

మగదాన్ని, పెట్టని రంగు చూసి చెప్పడం చాలా రకాల్లో కుదరదు. గొంతు ఉబ్బించి పొడవుగా పాడేది మగది, కిచకిచలతో సరిపెట్టేది పెట్ట. సీజన్‌లో పొట్ట కింద ఈకలు ఊది చూస్తే మగదాని మలద్వారం బొడిపెలా ముందుకు పొడుచుకుని ఉంటుంది. పెట్టది ఒంటికి అతుక్కుని గుండ్రంగా ఉంటుంది.

సిద్ధమైన మగది రెక్కలు వాల్చి కొమ్మ మీద అటూ ఇటూ నాట్యం చేస్తుంది. పెట్ట పంజరం అడుగున పేపర్ చించి నోట కరుచుకు తిరుగుతుంది. ఇద్దరినీ మధ్యలో తీగ అడ్డు ఉన్న జంట పంజరంలో పెట్టి చూస్తే తీర్పు అవే చెబుతాయి. మగది తీగల సందులోంచి మేత అందిస్తుంటే, పెట్ట వంగి కూచుని అందుకుంటుంటే, అడ్డు తీసే సమయమైనట్టు. ముందే తీస్తే కొట్లాట, ఈకలు పీక్కోవడం. పెట్ట వయసు కనీసం 10 నెలలు ఉండాలి. అంతకు ముందు పెడితే గుడ్డు అడ్డుపడే ముప్పు ఎక్కువ.

జతకు 60 సెంటీమీటర్ల పొడవు, 40 ఎత్తు, 40 లోతు పంజరం సరిపోతుంది. గూటి గిన్నె వ్యాసం 10 సెంటీమీటర్లు. కొమ్మలు ఊగకుండా బిగించి ఉండాలి. కలయిక కొద్ది సెకన్ల వ్యవహారం. కొమ్మ ఊగితే పట్టు తప్పుతుంది, గుడ్లు వట్టివవుతాయి. గూటికి కొబ్బరి పీచు, చిన్నచిన్న ముక్కలు చేసిన జనపనార పనికొస్తాయి. పొడవాటి దారం మాత్రం పెట్టకూడదు, పిల్లల కాళ్లకు చుట్టుకుని రక్తం ఆడకుండా చేస్తుంది.

గుడ్లు తీసి దాచడం: రెండు వాదాలు

కానరీ రోజుకొకటి చొప్పున, ఉదయాన్నే, సాధారణంగా నాలుగైదు గుడ్లు పెడుతుంది. నీలం, ఆకుపచ్చ కలిసిన రంగు మీద గోధుమ చుక్కలు. ఒక్కో గుడ్డు రెండు గ్రాముల లోపే ఉంటుంది. పక్షి బరువే ఇరవై గ్రాముల చిల్లర కాబట్టి, ఒక విడత గుడ్ల బరువు తల్లి బరువులో మూడోవంతు దాటుతుంది. మేతలో కాల్షియం గురించి అంత పట్టుబట్టేది ఇందుకే.

పెట్ట అన్ని గుడ్లూ పెట్టకముందే పొదగడం మొదలెడుతుంది. వదిలేస్తే మొదటి పిల్లకీ చివరి పిల్లకీ రెండు మూడు రోజుల తేడా వస్తుంది. ఆ వయసులో అది పెద్ద తేడా. చివరిది మెడ పైకెత్తలేక మేత అందక చనిపోతుంది. అందుకే చాలామంది రోజూ గుడ్డు తీసి, ప్లాస్టిక్ గుడ్డు పెట్టి, నాలుగో రోజు అసలువన్నీ ఒకేసారి తిరిగి ఉంచుతారు.

దీన్ని వద్దనేవాళ్లకూ ఆధారం ఉంది. పరిశోధకుడు హ్యూబర్ట్ ష్వాబల్ 1993లో కానరీ గుడ్లను పరీక్షించి, తర్వాత తర్వాత పెట్టిన గుడ్ల పచ్చసొనలో టెస్టోస్టెరాన్ ఎక్కువ ఉంటుందని చూపాడు. ఆ పిల్లలు మేత కోసం ఎక్కువ హడావిడి చేసి, వేగంగా పెరుగుతాయి. అంటే ఆలస్యంగా పుట్టే పిల్లకు తల్లే కొంత సాయం కట్టి పంపిస్తోంది. అన్నీ ఒకేరోజు పుడితే ఆ సాయం చివరి గుడ్లకు అదనపు లాభమై, మొదటి గుడ్లకు నష్టం కావచ్చన్నది వాదన. ఆచరణలో మాత్రం ఐదు గుడ్లున్నప్పుడు మార్చే పద్ధతే మేలు, మూడే ఉంటే వదిలేసినా పెద్ద తేడా రాదు.

మన వాతావరణంలో ఇంకో మెలిక ఉంది. తీసిన గుడ్లు చల్లని గదిలో దూది మీద ఉండాలి, రోజుకు రెండుసార్లు తిప్పాలి. గది 27, 28 డిగ్రీలుంటే గుడ్డులో పిండం పొదగకుండానే అరకొరగా మొదలై ఆగిపోతుంది. మార్చిలో దాచిన గుడ్లు పాడవడానికి ఇదే కారణం. ఫ్రిజ్‌లో పెట్టడం దీనికి మందు కాదు, మరీ చల్లదనం పిండాన్ని చంపుతుంది.

గుడ్డు నుంచి కొమ్మ దాకా

నాలుగో రోజు సాయంత్రం గుడ్లు తిరిగి పెడితే, 13వ రోజునో 14వ రోజునో పిల్లలు వస్తాయి. డిసెంబర్ 31న పెట్టినవి జనవరి 13, 14 తేదీల్లో. పొదుగు మొదలైన ఆరేడు రోజులకు ఫోన్ టార్చి వెలుగులో చూస్తే, మంచి గుడ్డులో ఎర్రని నరాల వల కనిపిస్తుంది. వట్టి గుడ్డు పసుపుగా, తేటగా ఉంటుంది.

పుట్టిన మొదటి రోజు పిల్లకు కడుపులోని పచ్చసొనే ఆహారం. ఆ తర్వాతంతా తల్లి కక్కి పెట్టే గుడ్డు మేతే. ఒక గుడ్డును 12 నిమిషాలు ఉడికించి, మెదిపి, నాలుగు చెంచాల రస్కు పొడి కలిపితే పొడిపొడిగా వస్తుంది. ముద్ద కట్టకూడదు. మన వేడికి అది రెండు మూడు గంటల్లో పులుస్తుంది కాబట్టి, రోజుకు నాలుగుసార్లు కొంచెం కొంచెంగా మార్చడం అవసరం. నానబెట్టిన గింజలకూ ఇదే వర్తిస్తుంది. మామూలు గింజల్లో కానరీ గింజలు ప్రధానం. వాటితో పాటు కొద్దిగా వలిసెలు, అవును, అరకు లోయ పొలాలను పసుపుగా మార్చే ఆ వలిసెలే. నూనె ఎక్కువ కాబట్టి అవి పిసరంతే. కాల్షియానికి ఆయుర్వేద మూలికల దుకాణాల్లో దొరికే సముద్రపు నురుగు, అంటే కటిల్ ఫిష్ ఎముక, పంజరానికి కట్టి ఉంచుతారు. ఆకుకూరల్లో కొత్తిమీర మేలు. పాలకూరలోని ఆక్సలేట్లు కాల్షియాన్ని పట్టేస్తాయి, గుడ్ల సమయంలో అది తగ్గించాలి.

17, 18 రోజులకు పిల్లలు గూడు దిగుతాయి. సరిగ్గా అప్పుడే పెట్ట రెండో గూటికి సిద్ధమై, సామాను దొరక్కపోతే పిల్లల ఈకలు పీకి కట్టడం మొదలెడుతుంది. క్రూరత్వం కాదది, గూటి సామాను కొరత. జంట పంజరానికి తీగ అడ్డు పెట్టి, పిల్లల్ని మగదానితో అటు వైపు ఉంచితే మగదే మేపుతుంది, పెట్ట ఇటు కొత్త గూడు కట్టుకుంటుంది. 28 నుంచి 30 రోజులకు పిల్లలు గింజ ఒలుచుకోవడం నేర్చుకుంటాయి. అంతకు ముందే విడదీసిన పిల్లలు పైకి తింటున్నట్టే కనిపించి, రొమ్ము ఎముక పొడుచుకొచ్చి రాలిపోతాయి.

ఎక్కడ చెడుతుంది

పెట్ట ఈకలు ఉబ్బించుకుని పంజరం అడుగున కూచుని, తోక పైకీ కిందకీ ఆడిస్తూ ముక్కుతుంటే గుడ్డు అడ్డుపడిందని అర్థం. 30 డిగ్రీల వెచ్చదనం, కాల్షియం, పక్షుల వైద్యం తెలిసిన డాక్టరు, ఈ మూడూ గంటల్లో అందాలి. నొక్కి తీయాలని చూస్తే గుడ్డు లోపల పగిలి పక్షి చస్తుంది.

పొదిగే పెట్ట పొట్ట తడిగా ఉంటే పాతకాలం పెంపకందార్లు దానికి చెమట పడుతోందనేవాళ్లు. పక్షులకు చెమట గ్రంథులే లేవు. ఆ తడి పిల్లల విరేచనాలది, చాలాసార్లు పులిసిన గుడ్డు మేత నుంచి వచ్చిన బాక్టీరియా వల్లది.

మన దగ్గర వేరే దేశాల పుస్తకాలు అంతగా పట్టించుకోని శత్రువు దోమ. కానరీ పాక్స్ వైరస్ దోమకాటు ద్వారా పాకుతుంది. కళ్ల చుట్టూ, కాళ్ల మీద కురుపులు, లేదంటే ఊపిరాడక హఠాత్తు మరణం. ఒక్క పక్షికి వస్తే గదంతా ఖాళీ చేయగలదు. పంజరాల గదికి దోమతెర కూడా పెంపకం సామానులో భాగమే. ఎర్ర పేను మరో రకం. పగలు పంజరం సందుల్లో దాక్కుని రాత్రి రక్తం పీలుస్తుంది. రాత్రి పంజరం మీద తెల్ల గుడ్డ కప్పి పొద్దున్నే చూస్తే ఎర్రని చుక్కల్లా దొరుకుతుంది.

తప్పు పెట్టది కానప్పుడు

కొన్ని గుడ్లు పక్షి తప్పు వల్ల కాదు, జత ఎంపిక వల్ల పోతాయి. గ్లాస్టర్ అనే రకంలో తల మీద టోపీలా జుట్టున్న కానరీని కరోనా అంటారు, జుట్టు లేని గ్లాస్టర్‌ని కాన్సార్ట్. కరోనాను కాన్సార్ట్‌తో జత కడితే నాలుగు పిల్లల్లో సగటున రెండు జుట్టువి, రెండు మామూలువి. రెండు కరోనాలను కలిపితే నాలుగింట ఒక పిండానికి ఆ జన్యువు రెండు వైపుల నుంచీ అందుతుంది, అది సాధారణంగా గుడ్డులోనే చనిపోతుంది. ప్రబలమైన తెలుపు, అంటే ఒక్క వైపు నుంచి జన్యువు అందినా బయటపడే తెలుపు రంగుదీ ఇదే కథ. ఎప్పుడూ నాలుగో వంతు గుడ్లు లోపలే పోతుంటే, ఎందుకు పొదగడంలేదని పెట్టను మార్చేముందు జతను చూడాలి.

ఈకల రకం కూడా ఇలాంటిదే. గట్టి ఈకల, నిండు రంగు పక్షిని, మెత్తని ఈకల, మంచు పట్టినట్టుండే పక్షితో కలపడం పాత నియమం. మెత్తని ఈకలవి రెండిటినీ తరాల తరబడి కలిపితే ఈకలు చర్మం కిందే చుట్టుకుని గడ్డలవుతాయి.

ఎరుపు కానరీ కథ మొదలైంది జర్మనీలో. 1920లలో బ్రెమెన్‌కు చెందిన టీచరు హన్స్ డుంకర్ దక్షిణ అమెరికా ఎర్ర సిస్కిన్ పిట్టతో కానరీని కలిపి ఆ ప్రయత్నం మొదలుపెట్టాడు. ఆ జన్యువు ఉన్నా, ఈకలు మార్చే వారాల్లో మేతలో క్యాంథజాంథిన్ లాంటి రంగు పదార్థం లేకపోతే ఎరుపు వెలిసి నారింజలా వస్తుంది. అది తెలియక, కొన్న ఎర్ర పక్షి ఏడాదికి పాలిపోయిందని అమ్మినవాడిని తిట్టేవాళ్లు చాలామంది.

చట్టం సంగతి ఒక మాట. 1972 వన్యప్రాణి చట్టం రామచిలుకలు, మునియాల వంటి మన అడవి పక్షులను పంజరంలో పెట్టనివ్వదు. కానరీ మన దేశపు పక్షి కాదు, తరతరాలుగా పెంపుడుది, దాన్ని పెంచుకోవచ్చు. పిల్లలను దుకాణం పెట్టి అమ్మాలంటే మాత్రం 2018 పెట్ షాప్ నిబంధనల కింద రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర నమోదు కావాలి.

రెండో విడత పిల్లలు విడిపోయాక గూటి గిన్నె తీసేసి, లైటును వారానికి అరగంట చొప్పున వెనక్కి తగ్గిస్తే పక్షి సహజ పగటికి తిరిగొస్తుంది. ఎండాకాలం చివర, వానల మొదట్లో ఈకలు రాలడం మొదలవుతుంది, ఒక్కో పక్షికి ఆరు నుంచి పది వారాలు పడుతుంది. ఆ వారాల్లో పాట ఆగిపోతుంది, గుడ్డు మేత మళ్లీ కొంచెం అవసరమవుతుంది. అక్టోబర్‌లో పొద్దుగూకగానే పంజరం ఉన్న గదిలో లైటు ఆరిపోతే, నవంబర్ మధ్యలో మళ్లీ టైమర్ పెట్టినప్పుడు ఆ అరగంట పెంపు పక్షికి లెక్కలోకి వస్తుంది.